నాన్న పోయిన రోజు ఊదిన బ్యూగిల్

నేను పార్ట్‌టైం సిపాయిని. ఏడాదిలో కొన్నాళ్ళు పటాలం పిలిస్తే వెళ్ళి బ్యాండులో బ్యూగిల్ ఊదేవాణ్ణి. మిగతా కాలం గురజాల దగ్గర మా ఊళ్ళో మిరప పండించుకునేవాణ్ణి. వయసంతా అట్లాగే గడిచింది. మొదట్లో నాన్నకు నామోషీగా ఉండేది. "బాకా ఊదటానికా నిన్ను డిగ్రీ దాకా చదివించింది?" అనేవాడు. ఇంట్లో సాధన చేస్తే గేదెలు బెదురుతున్నాయని పొలానికి తరిమేవాడు. కాసేపటికి తనే వచ్చి, గట్టు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటూ వినేవాడు.

ఆయన మిరప కల్లంలోనే పోయాడు. ఎండుతున్న కాయలు తిరగేస్తూ కూలబడ్డాడట. ఆ పొద్దున నేను వేరే రాష్ట్రంలో ఒక అధికారి అంత్యక్రియల కవాతులో ఉన్నాను. కవాతుకు ముందే మా ఫోన్లు తీసుకుంటారు. మా బాబాయి కొడుకు నాకు చేసి చేసి, చివరికి పటాలం ఆఫీసుకు చేశాడు. కబురు మా బ్యాండ్ మాస్టారికి చేరింది. ఆయన నాకు చెప్పలేదు.

నేను ఊదాను. ఆఖరి స్వరాన్ని వణకకుండా నిలపడమే కష్టం. ఆ రోజు బాగా నిలిచింది. అంతా అయ్యాక మాస్టారు నన్ను పక్కకు పిలిచి, మీ నాన్న పోయాడని హిందీలో చెప్పాడు.

"ఎప్పుడు తెలిసింది సార్?"

"పొద్దున్నే. ముందే చెబితే నీకు ఊపిరి నిలవదు. ఊదడానికి ఇంకొకడు లేడు."

ఫోన్ చేతికొచ్చి నేను ఇంటికి చేసేసరికే అంతా అయిపోయింది. ఊరు చేరేసరికి మర్నాడు అయింది. ఆ ఎండకు శవాన్ని ఉంచలేక, నా నుంచి జవాబు రాక, పెద్దలు కానిచ్చేశారు. తలకొరివి బాబాయి కొడుకు పెట్టాడు. "ఫోనన్నా ఎత్తలేదేందిరా" అంది అమ్మ. జరిగింది చెప్పాను. విన్నదో లేదో తెలియదు.

ఆ తరవాతి ఏడాది నాకు దీర్ఘకాల సేవా పతకం ఇచ్చారు. సర్పంచి పదవికి నిలబడుతున్న బాబాయి కొడుకు ఊళ్ళో సన్మానం పెట్టించాడు. బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టించాడు. 'తండ్రి మరణవార్త విన్నా విధిని వీడని వీరుడు' అని దాని మీద రాయించాడు. వేదిక ఎక్కే ముందు వాణ్ణి ఆపి అడిగాను.

"నాకు చెప్పలేదని నీకు తెలుసుగా. ఆఫీసుకు ఫోన్ చేసింది నువ్వే."

"తెలుసన్నా. చెప్పకుండా దాచారంటే ఎవరు చప్పట్లు కొడతారు?"

మైకులో వాడు ఆ కథే చెప్పాడు. ముందు వరసలో కూర్చున్న అమ్మ తలెత్తి నా వంక చూసింది. మైకు కోసం చెయ్యి చాపాను. చేతిలో పూలగుత్తి పెట్టారు. ఈలోగా పెళ్ళిళ్ళ మేళం వాళ్ళు వాయించడం మొదలుపెట్టారు. ఇక ఎవరికీ ఏమీ వినపడలేదు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది. "మీ నాయన పోయాడని తెలిసే ఆడ ఊదావంట్రా?"

"లేదమ్మా. ఆ రోజే నీకు చెప్పాను."

మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. ఈసారి విన్నది.

ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా అమ్మ ఆ పతకం తెచ్చి చూపిస్తుంది. మైకులో చెప్పిన కథే తనూ చెబుతుంది. ఒకసారి చుట్టాలు వెళ్ళాక, ఎందుకట్లా చెబుతావని అడిగాను.

"నిజం చెబితే ఏముందిరా? మీ నాయన చావు ఆ పటాలమోళ్ళకి లెక్కలేదనేగా. ఇట్టా చెబితే వినేవాళ్ళు ఒక్క నిమిషమన్నా ఆయన పేరు తలుచుకుంటారు."

నిన్న మాచర్ల నుంచి మా మేనత్త వాళ్ళు వచ్చారు. అమ్మ కథ మొదలుపెట్టింది. నేను లేచి వెళ్ళకుండా, వాళ్ళ మధ్యనే కూర్చుని విన్నాను.