గట్టు మీద రెండు బండ్లు

మా చేపల చెరువులు ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో, ఒక మట్టిగట్టు చివర ఉండేవి. గట్టుకు ఒక పక్క డ్రైను, ఇంకో పక్క వేరేవాళ్ల చెరువులు. ఎండాకాలంలో ఆ గట్టు గచ్చు చేసినట్టు గట్టిగా ఉండేది. నాలుగు చినుకులు పడ్డాయంటే మాత్రం నల్లమట్టి చెప్పులకు అంటుకుని, పది అడుగులు వేసేసరికి కాళ్లు బరువెక్కేవి. స్కూటరు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మన్ను కూరుకుపోయి బండి అక్కడే నిలబడిపోయేది.

భీమవరం చుట్టుపక్కల అందరిలాగే మేమూ మొదట రొయ్యలు వేశాం. తెగులు వచ్చి వరసగా రెండు పంటలు పోయాక చేపలకు మారాం. చేపలు మమ్మల్ని నిలబెట్టాయి. కానీ ఒక వానాకాలం తెల్లవారుజామున కాపలా ముసలాయన పరిగెత్తుకుంటూ వచ్చి, చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయని చెప్పాడు. గాలి ఆడని ముసురులో నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. వెంటనే ఇంజను పెట్టి నీళ్లు తిరగతోడాలి. ఇంజనేమో రిపేరుకని ఇంటికి తెచ్చి ఉంది. ట్రాక్టరు దొరకలేదు. మా ఆయనా, మరో ముగ్గురూ దాన్ని కర్రకు కట్టి, ఆ బురదలో మోసుకుంటూ వెళ్లారు. వాళ్లు చేరేసరికి తెల్లటి పొట్టలు పైకి తిరిగి ఉన్నాయి. చెరువులో పావు వంతు పోయింది.

ఆ మరుసటి ఏడు పంట బాగా వచ్చింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు. ఇక బండి కొనాల్సిందే అనుకున్నాం. ఏ బండి అన్న దగ్గరే మాకు కుదరలేదు.

రాజమండ్రిలో మా ఆయనకు తెలిసిన ఒక మెకానిక్ షెడ్డులో అమ్మకానికి రెండు బండ్లు ఉన్నాయి. ఒకటి పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు. పోలవరం పైన కొండల్లో సర్వే పనులకు తిరిగింది. పైన రేకు టాపు, లోపల చిరిగిన సీట్లు. రెండోది మూడేళ్ల పికప్. వెనక పొడవాటి తొట్టి, తెల్లటి పెయింటు, ఎక్కడా గీత కూడా లేదు. ధరలు ఇంచుమించు ఒకటే.

నాది పికప్ పక్షం. రోజూ చేపల మేతకు తవుడు బస్తాలు మోయాలి, చేపలు పట్టే రోజున ఐసు మోయాలి. మా ఆయనది జీపు పక్షం. పైకి చెరువులూ బురదా అనేవారు గాని, అసలు సంగతి నాకు తెలుసు. రాజమండ్రిలో కాలేజీ చదివేటప్పుడు స్నేహితులతో కలిసి పోలవరం అవతల కొండల్లో నడిచారట. రోడ్డు ఆగిపోయిన చోటునుంచి బండ్ల జాడ ఒకటి అడవిలోకి పోతుందట. ఆ దారి ఎక్కడిదాకా వెళుతుందో చూడకుండానే తిరిగి వచ్చేశారట. పెళ్లయిన పదిహేనేళ్లలో ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో.

"దారి లేనిచోట తిరగడానికి బండి కొంటారా ఎవరైనా?" అన్నాను.

"మన గట్టు మాత్రం దారా ఏంటి?" అన్నారు ఆయన.

మెకానిక్ అరవై దాటిన మనిషి. మా ఇద్దరి వాదనా విని నవ్వాడు. "షెడ్డులో చూసి బండి కొనకూడదండి. వాన పడ్డాక మీ గట్టు మీదికి రెండూ తెస్తాను. ఏది కావాలో ఆ మన్నే చెబుతుంది, ఆయ్" అన్నాడు.

అన్నట్టుగానే శ్రావణమాసంలో రెండు రోజులు ముసురు పట్టాక, జీపు తను తోలుకుంటూ, పికప్ మా ఆయన చేతికిచ్చి తీసుకొచ్చాడు. ముందు జీపులో ముగ్గురం ఎక్కాం. మెకానిక్ దిగి, నాలుగు చక్రాలకూ బలం అందేలా ముందు చక్రాల నడిమధ్యనున్న బిళ్లలు తిప్పి, లోపల చిన్న గేరు కర్ర వెనక్కి లాగాడు. జీపు ముసలి గేదెలా మెల్లగా, ఎక్కడా ఆగకుండా గట్టు చివరిదాకా వెళ్లి తిరిగొచ్చింది. కుదుపులకు నా నడుం పట్టేసింది.

తర్వాత పికప్. మా ఆయన తోలారు, నేను పక్కన కూర్చున్నాను. ఖాళీ బండి కావడంతో వెనక చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగాయి. మెకానిక్ తొట్టిలో పది బస్తాలు వేయించాడు. బరువుకు చక్రాలు పట్టు దొరకబుచ్చుకున్నాయి. బండి కదిలింది. నేను ఆయన వైపు గర్వంగా చూశాను కూడా. సగం దూరం వెళ్లాక తూము దగ్గర మెత్తటి చోట వెనక భాగం పక్కకు జారింది. ఎడమ చక్రం గట్టు అంచు దిగిపోయి, బండి డ్రైను వైపు ఒరిగి ఆగింది.

ఇద్దరం మెల్లగా దిగాం. మా ఆయన అంచు దిగిన చక్రాన్నే చూస్తూ నిలబడ్డారు. మెకానిక్ జీపును వెనకాలకు తెచ్చి, రెండు బండ్లకూ మోకు కట్టాడు. జీపు వెనక్కి లాగాలి, పికప్ స్టీరింగు జాగ్రత్తగా తిప్పాలి, ముందునుంచి ఒకరు నెట్టాలి. పికప్‌లో తనే కూర్చుంటానన్నాడు. నెట్టడానికి బలం మా ఆయనకే ఉంది. మిగిలింది నేను.

"అమ్మా, క్లచ్ సంగతి తెలుసా మీకు?"

"పుట్టింట్లో ట్రాక్టరు తోలేదాన్నండి. వరి నాట్లకు దమ్ము కూడా చేశాను."

మా ఆయన నా వైపు తిరిగారు. "నువ్వా? ఎప్పుడూ చెప్పలేదే?"

"మీరెప్పుడు అడిగారు?"

చీర కుచ్చిళ్లు దోపుకుని జీపు ఎక్కాను. స్టీరింగు పట్టుకోగానే, మా నాన్న పొలంలో మోకాటిలోతు బురద, ఆ ఇంజను చప్పుడు, అన్నీ అరచేతుల్లోకి వచ్చేశాయి. భయం వేసింది. ఎడమ పక్కన మూరెడు తప్పితే డ్రైనే. తల వెనక్కి తిప్పి, రివర్సు వేసి, క్లచ్ మీద నుంచి కాలు మెల్లగా తీశాను. మోకు బిగిసింది. జీపు ఒక్క క్షణం ఆగి, మూలిగి, కదిలింది. పికప్ వెనక చక్రాలు తిరిగేసరికి బురదంతా లేచి, ముందు నెడుతున్న మా ఆయనను తలనుంచి కాళ్లదాకా ముంచేసింది. రెండు కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. బండి గట్టెక్కింది. మెకానిక్ పికప్ దిగి చప్పట్లు కొట్టాడు. నేను నవ్వాపుకోలేక స్టీరింగు మీద తల పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి ఆయన స్నానం చేశాక మళ్లీ మాటలు మొదలయ్యాయి. ఈసారి తిరగబడ్డాయి.

"నువ్వన్నదే నిజం. మనకు బస్తాలు ముఖ్యం. పికప్ తీసుకుందాం" అన్నారు ఆయన. ఆ జారుడు ఆయన్ని బాగా కదిలించింది. తన సరదా కోసం మొండిపట్టు పట్టానని కూడా అనిపించిందేమో.

"వద్దు. జీపే" అన్నాను.

"బస్తాలో?"

"వెనక సీట్లు తీయిద్దాం. ఎనిమిది పడతాయి. వారానికోసారి అద్దె ట్రాక్టరు ఎలాగూ వస్తుంది. వానలో వెళ్లగలిగేది అదొక్కటే కదండీ. నేను తోలుతాను."

ఆ చివరి మాట నేనే అన్నానా అనిపించింది. ఆయన తల తుడుచుకుంటున్న తువ్వాలు భుజాన వేసుకున్నారు. తర్వాత, "లైసెన్సు తీసుకోవాలి మరి" అన్నారు.

తీసుకున్నాను. పరీక్షకు వెళ్లిన రోజు లైనులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. స్కూటరుకా అని అడిగిన ఆఫీసు మనిషికి జీపుకండి అని చెబితే, కళ్లజోడు సవరించుకుని మళ్లీ చూశాడు.

జీపు మమ్మల్ని సుఖపెట్టిందని చెప్పను. డీజిలు తాగేది. చలికి స్టార్టయ్యేది కాదు. తుప్పు పట్టిన ఫ్లోరు రెండుసార్లు వెల్డింగు చేయించాం. అయితే తర్వాతి వానాకాలంలో మళ్లీ అలాంటి ముసురు ఒకటి పట్టింది. మా ఆయన పనిమీద కాకినాడ వెళ్లి ఉన్నారు. ఆ ఏడే తవ్వించిన కొత్త చెరువులో చేపలు తేలుతున్నాయని తెల్లవారుతుండగా కబురొచ్చింది. నేనూ, కాపలా ముసలాయనా కలిసి ఇంకో ఇద్దరి సాయంతో, ఆ చెరువుకని కొని ఇంకా ఇంటి దగ్గరే ఉంచిన ఇంజను జీపులోకి ఎక్కించాం. వర్షంలో అద్దంలోంచి సరిగ్గా కనిపించక తల బయటపెట్టి తోలాను. అరగంటలో నీళ్లు తిరగడం మొదలైంది. ఒక్కొక్క చేపా నోరు మూసుకుని కిందికి దిగిపోవడం గట్టు మీద నిలబడి చూశాను. ఆ పూట నేను మా ఆయనకు ఫోను చేయలేదు, ఎవరికీ చెప్పలేదు. తడిసిన చీరతోనే జీపులో కూర్చుని ఫ్లాస్కులో టీ తాగాను.

ఆ చలికాలంలో పోలవరం దాటి కొండల్లోకి వెళ్లాం. తారు రోడ్డు ఆగింది. మట్టి రోడ్డు ఆగింది. అక్కడినుంచి ఆయన చెప్పిన బండ్ల జాడే. వాగు ఒకటి అడ్డొచ్చింది. ఆయన ప్యాంటు మడిచి, కర్రతో లోతు చూసుకుంటూ ముందు నడిచారు. ఆయన అడుగులు పడిన చోటల్లా నేను జీపు తోలాను. కింద రాళ్లు దొర్లుతున్న చప్పుడు, నీళ్లు ఫ్లోరు అంచుదాకా. అవతలి ఒడ్డున ఆయన ఎక్కి కూర్చున్నారు. కాలేజీ కుర్రాడిలా ఉంది మొహం.

ఇంకొంత దూరంలో జాడ రెండుగా చీలింది. అడగడానికి మనిషి లేడు.

"ఎటు పోదామంటావు?"

ఎడమ పక్క దారిలో గడ్డి ఎత్తుగా ఉంది, ఎండ పడుతోంది. అటే తిప్పాను.