టైల్స్ రాలిన వీధిలో ‘గో అండ్ కమ్’

అప్పట్లో ఇర్వింగ్‌లో మా కింది అపార్ట్‌మెంట్‌లో హిల్డా ఆంటీ ఉండేది. పుట్టింది తూర్పు బెర్లిన్‌లో. గోడ కట్టడానికి చాలా ఏళ్ళ ముందే పారిపోయి టెక్సాస్ చేరింది. వెనక్కి వెళ్తే పట్టుకుంటారని ఆవిడ భయం. నేనూ మా ఆయనా జర్మనీ ట్రిప్ బుక్ చేశామని తెలిసి, "మా తమ్ముడు ఓటోని చూసి రండి. రిటైరైనవాళ్ళని బయటికి పంపుతున్నారట. ఒక్కసారి నా దగ్గరికి రమ్మని చెప్పండి, ఉత్తరాల్లో అడిగితే దాటేస్తున్నాడు," అంది. మేం బెర్లిన్ వెళ్ళింది ఆ కబురు కోసమే.

పొద్దున్నే ఫ్రీడ్రిష్‌స్ట్రాసె స్టేషన్‌లో సరిహద్దు దాటాం. రోజు వీసాకి ఐదు మార్కులు, తప్పనిసరిగా తూర్పు డబ్బుగా మార్చుకోవాల్సినవి తలకి పాతిక, అర్ధరాత్రిలోగా బయటపడాలి. అలెగ్జాండర్‌ప్లాట్జ్ నుంచి కార్ల్ మార్క్స్ అలే అనే వీధి నడక దూరమే. యుద్ధంలో నేలమట్టమైన చోట కార్మికుల కోసమని కట్టిన రాజభవనాల్లాంటి ఇళ్ళవి. స్తంభాలు, శిల్పాలు, గోడల నిండా లేతరంగు టైల్స్. దగ్గరికెళ్తే ఆ టైల్స్ ఊడిపోయి లోపలి ఇటుక కనిపిస్తోంది. పెళ్ళిచీర చిరిగినట్టు నాకు ప్రాణం ఉసూరుమంది.

వయసులో ఉన్నప్పుడు ఆ టైల్స్ అతికించిన మేస్త్రీల్లో ఓటో ఒకడు, కాపురం కూడా ఆ ఇళ్ళలోనే. యుద్ధఖైదీగా అమెరికన్ల దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నాడట. కాఫీ ఇచ్చి, కబురంతా విని, కిటికీవైపు తిరిగాడు.

"నేను కట్టింది అక్క ఒక్కసారీ చూడలేదు. ముందు తననే రమ్మనండి."

"ఆవిడకి భయమండీ," అన్నాను.

"సరే, ఆలోచిస్తాను," అన్నాడు.

లేచి గుమ్మం దాటుతూ మా ఆయన "వీ విల్ గో అండ్ కమ్" అన్నారు. ఈయన ఇంగ్లీషెప్పుడూ గుంటూరు పొలిమేర దాటదు. ఓటో మొహం వెలిగిపోయింది.

"మళ్ళీ వస్తారా? అక్కని తీసుకొస్తారా?"

ఈయన మొహమాటానికి తల ఊపారు.

"అయితే నేనెక్కడికీ వెళ్ళను. ఇక్కడే ఉంటాను!"

ఆ సంతోషం చూశాక ఆ మాట సరిదిద్దకుండానే మెట్లు దిగేశాను.

ఓటో అన్నంత పనీ చేశాడు. అక్క వస్తోందని చెప్పుకుంటూ ఉండిపోయాడని తర్వాత పక్కింటివాళ్ళే చెప్పారు. ఒక చలికాలం ఆయన పోయాడు, ఆ తర్వాత గోడా పోయింది. ఆంటీని మేమే తీసుకెళ్ళాం. తమ్ముడు టైల్స్ అతికించిన ఇంటి గోడని అరచేత్తో తడుముతూ నిలబడింది. మా ఆయన ఏడుస్తూ, ఆ రోజు గుమ్మంలో తనన్న మాట చెప్పి, "వెళ్తున్నాం అనడం మాలో అశుభం ఆంటీ. అందుకే వెళ్ళొస్తాం అంటాం," అన్నారు.

"అది వీడ్కోలని వాడికెలా తెలుస్తుంది?" అంది ఆవిడ.

ఇప్పుడు చాలా గోడలకి కొత్త టైల్స్ వేశారు, వీధి కళకళలాడుతోంది. మాకు మాత్రం తలెత్తి చూడబుద్ధి కాదు. మీరు వెళ్తే యూ5 రైల్లో వేబర్‌వీజె దగ్గర దిగి, ఎండ వాలేవేళ నడవండి. ముసలివాళ్ళెవరైనా కాఫీకి పిలిస్తే కాదనకండి. లేచేటప్పుడు మాత్రం, అశుభమైనా సరే, వెళ్తున్నామనే చెప్పండి.