తుమ్మబంక కెంపు

ఉప్పల్‌లో మా మనవరాలు అచ్చుల్లో ఎర్ర రెసిన్ పోసి ఉత్తుత్తి కెంపులు చేస్తుంటే నా చిన్నప్పటి కమ్మ గుర్తొచ్చింది.

అప్పుడు నాచారంలో ఉండేవాళ్లం. నా కమ్మలో రాయి ఊడిపోయింది. బోసి కమ్మతో పెద్దమ్మ కూతురి పెళ్లికి పోవడం నాకిష్టం లేదు. తుమ్మబంక నానబెట్టి, మిఠాయిల్లో వేసే ఎర్ర రంగు కలిపి, రాయి ఊడిన గుంతలో పోశాను. ఎండితే ఇక రాయే అనుకున్నాను.

పెళ్లి ఊరేగింపులో వాన పట్టుకుంది.

“ఓ పిల్లా, నీ చెవులకెల్లి రక్తం కారుతుందే!” అని పెద్దమ్మ అరిచింది.

“రక్తం గాదు పెద్దమ్మా, కెంపు.”

అందరూ నవ్వారు. “తియ్యవే, ఇజ్జత్ పోతుంది” అంది అమ్మ.

“నేను తియ్య. నా చేతులతోటి జేసిన.”

బంకంతా కరిగిపోయిన బోసి కమ్మతోనే, తలెత్తుకుని, పెళ్లి భోజనం చేశాను.

“నీకొకటి చెయ్యాల్నా నానమ్మా?” అని అడిగింది మనవరాలు.

“చెయ్యి. ముందుగాల చెంబు నీళ్లల్ల ఏసి సూపెట్టు.”