కొలవని సున్నా

మా నాన్న దృష్టిలో నేను బంద్‌కు పిలుపిచ్చిన ఉద్యమానికి వెన్ను చూపినదాన్ని. "అందరు బంద్‌ల ఉంటే నీకొక్కదానికే డ్యూటీ ఏంది?" అని ఈ రోజు పొద్దున్నే అడిగాడు. బస్సులు లేక కొత్తగూడ నుంచి హైటెక్ సిటీకి నడిచి వెళ్లాను.

నేను ఇంజనీరుగా ఉన్న ఐటీ భవనానికి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్‌కు నిన్న డీసీ కరెంటు పంపి పరీక్ష చేశాం. ఆ పరీక్ష తర్వాత లోపలి ఇనుప కోర్‌లో అయస్కాంతత్వం మిగిలిపోతుంది. అదెంతుందో కొలిచి పోగొట్టాలి; అలా చేయకుండా స్విచ్ వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కసారిగా విపరీతమైన కరెంటు లాగుతుంది. కొలిచే పరికరం తెస్తున్న వ్యాన్ బంద్‌లో చిక్కుకుంది.

స్విచ్ వేయొచ్చని నేను సంతకం పెట్టాల్సిన ఫారం మేనేజరు నా ముందుకు తోశాడు. "అయస్కాంతత్వం గడిలో సున్నా అని రాసేయండి. బంద్ వంకతో మీరూ పని ఆపుతున్నారా ఏంటండీ?"

పక్కనే ఉన్న ఎలక్ట్రీషియన్ యాదగిరి నెమ్మదిగా అన్నాడు: "స్విచ్ ఏసేది నేను మేడం. పోయినసారి గిట్లనే ఏస్తే ప్యానెల్ల మంట లేచింది." అతని మోచేతి మీద కాలిన గాయం ఇంకా మానలేదు.

ఇంట్లో ద్రోహిని, ఆఫీసులో ఉద్యమకారిణిని. ఒకే రోజు రెండు ముద్రలు మీలో ఇంకెవరికైనా పడ్డాయా?

ఆ గడి ఖాళీగా వదిలేశాను. కొలవకుండా సంతకం పెట్టను.