ఖాళీ మాస్టారు

లోకంలో ఏదీ పూర్తిగా నిండకూడదన్నది మాస్టారి పంతం. కంప్యూటర్‌లో లెక్కలు చేసే కోర్లు పదహారుంటే పదిహేనింటికే పని చెప్పేవారు. లిఫ్టులో ఒక్కరికే చోటు మిగిలితే దాన్ని వదిలేసి, మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చేవారు. టీ కూడా ముప్పావు కప్పే. ఆఫీసంతా ఆయన్ని ఖాళీ మాస్టారనేది.

వానల అంచనా కట్టే ప్రోగ్రాం వాళ్లది. పెద్ద లెక్కను ముక్కలు చేసి, ప్రోగ్రాంలో పనివాళ్లలాంటి వర్కర్ థ్రెడ్లకు పంచితే, ఒక్కొక్కటి ఒక్కో కోర్ మీద కూర్చుని తన ముక్క తేలుస్తుంది. కొత్తగా చేరిన ఓ చంటిబిడ్డ తల్లి తొందరపడి పదహారు కోర్లనూ పనిలోకి దింపేసింది. స్క్రీన్ బిగుసుకుపోయింది. ఆపమని మీటలు నొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

"అందరూ పనిలో మునిగిపోతే నీ గోడు వినేదెవరమ్మా?" అన్నారు మాస్టారు.

"మీ బుర్రలోనూ ఒకటి ఖాళీగా ఉంచారా?" అంది ఉక్రోషంగా.

"అది దేవుడే ఉంచాడు. నా ప్రమేయం లేదు."

ఆమె పాపకు పుట్టుకతోనే ఊపిరితిత్తుల జబ్బు. ఫోన్ మోగితే చాలు, ఆమె ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. సెలవులు ఎప్పుడో అయిపోయాయి. "వెళ్లమ్మా, నేనెలాగూ ఖాళీయే" అనేవారు మాస్టారు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి ఆమె రాయాల్సిన భాగం ఆమె పేరు మీదే పూర్తయి ఉండేది.

"ఇది నేనెప్పుడు రాశాను మాస్టారూ?"

"మొన్ననేగా! నిద్ర లేకపోతే మతిమరుపొస్తుంది. మావాడు చంటివాడిగా ఉన్నప్పుడు మా ఆవిడ నన్నే మర్చిపోయింది."

ఆమె నమ్మింది. నమ్మకపోతే నిలబడలేని రోజులవి.

ఇంతలో కొత్త అధికారి వచ్చాడు. యంత్రమైనా మనిషైనా నూటికి నూరుపాళ్లూ వాడాల్సిందేనన్నాడు. ఆమెను గదిలోకి పిలిచాడు.

"నీ పని బ్రహ్మాండం. మాస్టారి పేరు మీద మాత్రం సగం పని కూడా లేదు. రేపట్నుంచి రావద్దన్నాం. ఆ కుర్చీ నీకే."

"సార్, అప్పుడు నేను ఆసుపత్రిలో ఉన్నాను. అదంతా ఆయనే చేశారు!"

అధికారి జాలిగా నవ్వాడు. "ఇంటికెళ్లి కాస్త పడుకో అమ్మా."

మాస్టారు సంచీ భుజాన వేసుకుని గేటు దాటుతున్నారు. ఆమె పరుగెత్తి పట్టుకుంది.

"నిజం చెప్పేశాను మాస్టారూ. ఆయన నమ్మట్లేదు!"

"నమ్మడు. పాపం నిద్ర లేదు, ఏదేదో అంటుంది, పట్టించుకోకండని ముందే చెప్పి ఉంచాను."

"ఎందుకిలా చేశారు?"

ఆయన ఇన్నేళ్లూ పనిచేసిన భవనం వంక ఒకసారి చూసి, కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు.

"రేపట్నుంచి పాపనెవరు చూస్తారు?"

"మావారికీ సెలవు అయిపోయింది. తెలియట్లేదు."

"నేనొస్తాలే. మందులెప్పుడెప్పుడు వేయాలో చెప్పు."

మర్నాడు మాస్టారి కుర్చీలో ఆమె బితుకుబితుకుమంటూ కూర్చుంది. మధ్యాహ్నం దాకా ఓర్చుకుని, ఇక ఆగలేక ఇంటికి ఫోన్ చేసింది.

"ఎలా ఉంది మాస్టారూ?"

"గట్టిగా మాట్లాడకు" అని గుసగుసలాడారు ఆయన. "నా పొట్ట మీదే పడుకుంది. కదిలితే ఊరుకోవట్లేదు. నాకిప్పుడు బొత్తిగా ఖాళీ లేదమ్మా, పెట్టెయ్."