కారు చుట్టూ ముగ్గు

మా అత్తగారు పోయారని శ్రీకాకుళం నుంచి ఆడపడుచు ఫోన్ చేసి చెబితే నేను వెంటనే ఏడవలేదు. "ఎవరు చూశారు? డాక్టరు వచ్చాడా? నిద్రపోతున్నారేమో, ఇంకోసారి లేపి చూడు" అన్నాను. అవతల ఆమె ఏడుస్తూనే, "అచ్చం అమ్మలాగే అడుగుతన్నావు వదినా" అంది. అప్పుడొచ్చింది ఏడుపు.

కూతురింట్లో కొన్నాళ్లు ఉండి వద్దామని వెళ్లిన మనిషి, పొద్దున్న కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలోనే వెళ్లిపోయారట. ఎప్పుడూ ఎవరినీ ఓ పట్టాన నమ్మనావిడ, ఏ ఆరా తీయకుండా అలా వెళ్లిపోయారంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

గజపతినగరంలో మా విత్తనాల కొట్టు తెలిసినవాళ్లందరికీ ఆవిడ అనుమానం సంగతి తెలుసు. పాలు పోయించుకుని రెండు వేళ్ల మధ్య రాసి చూసేవారు. గ్యాస్ బండ వస్తే ఊపి చూసేవారు. నా పెళ్లిచూపులకు వచ్చినప్పుడు జంతిక కొరికి పక్కన పెట్టి, "ఇది నువ్వు సేసింది కాదు, కొట్టుది" అన్నారు. నిజంగా కొట్టుదే. మా అమ్మ మొహం మాడిపోయింది. ఈవిడతో ఎలా వేగాలా అని ఆ రోజు నాకు దడ పుట్టింది. ఆవిడ అందరినీ అనుమానిస్తారే గానీ చూడకుండా ఎవరి మీదా నింద వేయరని తెలిసింది మాత్రం కారు వచ్చాకే.

ఆ పాత కారును మా ఆయన శ్రీకాకుళంలో తెలిసినవాళ్ల దగ్గర కొన్నారు. మేమంతా మురిసిపోతుంటే ఆవిడ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఇంత బాగుంటే ఆళ్లెందుకు అమ్మీసినారు?" అన్నారు. మా ఆయనకు ఒళ్లు మండింది.

వానలు మొదలయ్యాక ఆ ప్రశ్నకు జవాబులు రావడం మొదలైంది. రాత్రి వేసిన తలుపుల తాళాలు పొద్దున్నకి ఊడి ఉండేవి. లోపలి లైటు వెలిగి వెలిగి బ్యాటరీ దిగిపోయేది. తాళంచెవి పెడితే తిరిగేది కాదు, తిరిగినా టిక్కుమని ఊరుకునేది. ఓసారి ఎవరూ ముట్టుకోకుండానే హారన్ మోగి వీధి వీధంతా లేచింది. మెకానిక్ బ్యాటరీ మార్చాడు, ఫ్యూజులు మార్చాడు. కొద్దిరోజులు బుద్ధిగా ఉండేది, మళ్లీ మొదటికొచ్చేది.

రెండో తాళంచెవి మా మరిది దగ్గర ఉండేది. స్నేహితులతో తిరిగే వయసు, కళింగపట్నం సముద్రమంటే పిచ్చి. ఓ రోజు కారులో కాళ్ల కింద ఇసుక కనిపించింది. ఆ పూట భోజనాల దగ్గర మా ఆయన తలెత్తకుండానే, "రేతిరి కారు తీసేవోడు లైటయినా ఆర్పీసి రావాల గదా" అన్నారు.

మరిది చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నన్నేనేటి?"

"మరింకెవరి కాడున్నాది తాళం?"

మరిది జేబులోంచి తాళంచెవి తీసి కంచం పక్కన పెట్టి లేచిపోయాడు. మర్నాటికి బ్యాగు సర్దేశాడు. విజయనగరంలో గది చూసుకుంటాడట, కొట్టుకి ఇక రాడట. తండ్రి పోయాక అన్న చెయ్యి పట్టుకుని పెరిగినవాడు. ఆ బ్యాగు గడప దాటితే అన్నదమ్ములు మళ్లీ ఒక చోట కూర్చుని తినరని నాకు భయం పట్టుకుంది.

అత్తగారు గడపకు అడ్డంగా కూర్చున్నారు. "ఇప్పుడెల్లిపోతే నువ్వే సేసినట్టు అయిపోద్ది. కొన్నాళ్లు ఆగి ఎల్లు" అని చిన్నకొడుకుని ఆపారు. పెద్దకొడుకు వైపు తిరిగారు. "నాకూ అనుమానమే. నాకు నీమీద కూడా అనుమానమే. అనుమానం వస్తే కాపలా కాయాల గాని సూడకుండా నోరు జారతారేటి? ఇసక కళింగపట్నంలోనే ఉన్నాదేటి? ఎదురింటోడు ఇల్లు కడతన్నాడు, నీ సెప్పులు తిప్పి సూసుకో!"

మా ఆయన చెప్పు తిప్పి చూసుకున్నారు. ఇసుక ఉంది. అయినా ఆయన మొహం మాత్రం మారలేదు.

ఆ సాయంత్రం అత్తగారు రెండు తాళంచెవులూ బొడ్లో దోపుకున్నారు. రేకుల షెడ్డులో ఉన్న కారు తలుపులన్నీ తనే లాగి చూశారు. తర్వాత ముగ్గు డబ్బా తెచ్చి, కారు చుట్టూ రెండు మూరల వెడల్పున పిండి పరిచేశారు. చుక్కలూ గీతలూ ఏమీ లేవు, ఉత్త తెల్లటి పొర. తలుపు మీద చెయ్యి వెయ్యాలంటే దాన్ని తొక్కక తప్పదు.

మొదటి పొద్దున్న తలుపులు వేసినవి వేసినట్టే ఉన్నాయి. పిండి మీద పిల్లి అడుగులు తప్ప ఏమీ లేవు. "సూసినావా అమ్మా? తాళాలు నీ కాడుంటే ఏటీ అవలేదు" అన్నారు మా ఆయన. మరిది తల దించుకున్నాడు. అత్తగారు మాత్రం ఆ పిల్లిని కూడా కొన్నాళ్లు అదోలా చూశారు. ముగ్గు పరుస్తూనే ఉన్నారు.

తర్వాత ఓ రోజు కొట్టు ముందున్న కారు మీద పగలంతా వాన కొట్టింది. సాయంత్రం షెడ్డులో పెట్టాక అత్తగారు ఎప్పటిలాగే తాళంచెవులు తీసుకుని ముగ్గు పరిచారు. మర్నాడు పొద్దున్నే నేను వాకిలి చిమ్మడానికి వెళితే, కారు గడియలు నాలుగూ పైకి లేచి ఉన్నాయి. లోపల లైటు గుడ్డిగా వెలుగుతోంది. ముగ్గు మీద చిన్న గీత కూడా లేదు. నా కేకకి అందరూ వచ్చారు. అత్తగారు బొడ్లోంచి తాళంచెవులు తీసి మా ఆయన చేతిలో పెట్టారు.

"ఏదీ, నీ తమ్ముడి అడుగు సూపించు."

ఆయన వంగి కారు చుట్టూ తిరిగారు. లోపలికి వెళ్లి, తమ్ముడి గది గుమ్మంలో నిలబడి, "ఒరే, టీ తాగొద్దాం రా" అన్నారు. ఆ బ్యాగు మళ్లీ అటకెక్కింది.

కారుని విజయనగరం తీసుకెళ్లి ఎలక్ట్రీషియన్‌కి చూపించాం. మంచి సామాను తీసి పాతది పెట్టేస్తాడేమోనని అత్తగారు స్టూలు వేయించుకుని అతని పక్కనే కూర్చున్నారు. కాళ్ల కింద పట్టా ఎత్తితే అంతా తడి. ముందద్దం రబ్బరు సందులోంచి వాన నీళ్లు దిగి, తాళాల వైర్లు కలిసే చోట చేరుతున్నాయి. తడిసినప్పుడల్లా తాళాలు వాటంతటవే తెరుచుకుంటున్నాయి, లైటు వెలుగుతోంది, హారన్ మోగుతోంది. తాళంచెవి తిరగకపోవడం వేరే జబ్బు, అది పెట్టే చోటు అరిగిపోయింది. రెండూ బాగుచేశాడు.

అయినా ఆవిడ ముగ్గు మానలేదు. ఇంకెందుకు అత్తయ్యా అంటే, "బాగయిపోనాదని ఆడు సెప్పినాడు. నాను సూడొద్దేటి?" అనేవారు. శ్రీకాకుళం బస్సెక్కే ముందు సాయంత్రం కూడా పరిచే వెళ్లారు. ఆ అనుమానమే లేకపోతే మా ఇల్లు రెండు ముక్కలయ్యేది. ఈ మాట ఆవిడతో ఒక్కసారైనా అని ఉంటే బాగుండేది. అని ఉంటే, ఎందుకు పొగుడుతున్నానా అని అనుమానంగా చూసేవారనుకోండి.

మైల రోజుల్లో మా వాకిట్లో ముగ్గు పడలేదు, కారు చుట్టూ కూడా. పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే షెడ్డులో అలికిడైతే, ఎవరా అని అనుమానంగా వెళ్లాను. మరిది. లుంగీ ఎగ్గట్టి, ముగ్గు డబ్బా పట్టుకుని, కారు చుట్టూ పిండి పరుస్తున్నాడు. ఒకచోట దిట్టంగా, ఒకచోట పల్చగా పడింది. వెనక్కి జరుగుతూ తన అడుగులు తనే చేత్తో సర్దుతున్నాడు. నన్ను చూసి సిగ్గుపడ్డాడు.

"వదినా, నా అడుగెక్కడైనా ఉండిపోనాదేటి, సూడు."

వంగి చుట్టూ తిరిగి చూశాను. లేదు. ఆ తెల్లటి పిండి మీద ఎవరి అడుగూ లేదు, మా అత్తగారిది కూడా.