ఫోర్క్‌లిఫ్ట్‌కు వెనక బరువు

1974లో డిప్లొమా అయిన వెంటనే విజయవాడ శివారులో, వ్యాగన్లు ఆగే రైల్వే సైడింగ్ పక్కనున్న ఒక ఎరువుల గోదాములో మెయింటెనెన్స్ సూపర్‌వైజరుగా చేరాను. అక్కడ చెప్పుకోదగ్గ యంత్రం ఒక్కటే, డీజిల్ ఫోర్క్‌లిఫ్ట్. ముందున్న రెండు ఇనుప చేతులతో బస్తాలు పేర్చిన చెక్క పేలెట్‌ను ఎత్తుతుంది. ఆ బరువుకు బండి ముందుకు ఒరగకుండా వెనక పోత ఇనుప దిమ్మ ఉంటుంది. దాన్ని కౌంటర్‌వెయిట్ అంటారు. ఎంత ఎత్తవచ్చో డ్రైవరు ఎదుట రేకు మీద చెక్కి ఉంటుంది.

ఆ రేకును ఎవరూ చూసేవారు కాదు. వ్యాగన్లు త్వరగా ఖాళీ కావాలని మేనేజరు మోతాదు మించి బస్తాలు వేయించేవాడు. బండి వెనక చక్రాలు నేల విడిచేవి.

"ఏసుదాసూ, రారా!" అని డ్రైవరు కేకేసేవాడు.

హమాలీ ముఠాలో అందరికంటే భారీ మనిషి ఏసుదాసు. అతనొచ్చి దిమ్మ మీద కూర్చుంటే చక్రాలు నేలకు ఆనేవి.

"ఆడి పెళ్లాం వండేది మన బండి కోసమేరా!" అని ముఠా నవ్వేది. అతనూ నవ్వేవాడు.

ఇది ప్రమాదమని మేనేజరుకు చెప్పాను. "నీ పుస్తకంలో వ్యాగన్లుండవయ్యా," అన్నాడు.

ఒక మధ్యాహ్నం ఏసుదాసును దిమ్మ మీద కూర్చోబెట్టుకుని రివర్సులో వెనక్కి వస్తున్న బండి గతుకులో ఊగడంతో, వెనక భాగం పైకి లేచింది. అదే కుదుపుకు పేలెట్ విరిగి బస్తాలు జారిపోయాయి. ముందు బరువు పోగానే వెనక భాగం ధబ్బున నేలకు కొట్టుకుంది. ఏసుదాసు కిందపడ్డాడు. డ్రైవరు బ్రేకు వేసేలోపే చక్రం అతని కాలి మీదికెక్కింది. ఆసుపత్రిలో మోకాలి కింద తీసేశారు.

నా రిపోర్టులో కారణాలు వరుసగా రాశాను: అధిక బరువు, పుచ్చిన పేలెట్, మనిషిని బరువుగా వాడడం. మేనేజరు మొదటి రెండూ కొట్టేశాడు. మూడోది ఏసుదాసు సొంత తప్పయింది.

కొన్ని నెలలకు అతను చంకకర్రలతో మేనేజరు దగ్గరకు వచ్చాడు.

"పని ఇప్పించండి సార్."

"ఒంటికాలితో మూటలెలా మోస్తావయ్యా?"

"నాది కూచునే పని గదండీ. కూచోడానికి కాలెందుకు?"

మేనేజరు ఫోర్క్‌లిఫ్ట్ వైపు చూపించాడు. దాని వెనక పాత రైలుపట్టా ముక్కలు వెల్డింగ్ చేసి ఉన్నాయి. దానివల్ల వెనక బరువు పెరుగుతుందే గాని బండి ఇరుసు బలం పెరగదని చెప్పి నేను ఆ పనికి ఒప్పుకోకపోతే, బయటి వెల్డరును పిలిపించి చేయించాడు.

ఏసుదాసు ఆ ఇనుమును చేత్తో తడిమాడు. "నా ఉద్యోగం దీనికిచ్చారా? మంచిదేలెండి. దీనికి కాళ్లు లేవు," అని గేటు వైపు తిరిగాడు.

ఆ పట్టాముక్కలు మొదటినుంచీ మా తుక్కులోనే ఉన్నాయి. వాటిని కోయాలి, అతకాలి, వెల్డరుకు కూలి ఇవ్వాలి. మనిషికైతే ఒక్క కేక చాలు.

ఇప్పుడు ఏ గోదాముకు వెళ్లినా రేకు మీది అంకెను తర్వాత చదువుతాను. ముందు బండి వెనక్కి వెళ్లి, అక్కడ ఎవరు కూర్చున్నారో చూస్తాను.